పాఠకుల ప్రశ్నలు, జవాబులు: దేవుడు ఒక్కడే అయితే ముగ్గురు ఎలా?

ఈ నెల బెంగళూరు తెలుగు సంఘాల నుంచి వచ్చిన ఉత్తరాలు చాలావరకు త్రిత్వం చుట్టూనే తిరిగాయి. అందుకే శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం. జవాబులు చదివేటప్పుడు పక్కన బైబిలు తెరిచి పెట్టుకోండి. వచనాలు చూడకుండా చదివితే ఇవన్నీ ఉత్త మాటల్లాగే ఉంటాయి.

ప్రశ్న: శనివారం మా అపార్ట్‌మెంటుకు త్రిత్వాన్ని నమ్మని యెహోవాసాక్షులు ఇద్దరు వచ్చారు. చాలా మర్యాదగా మాట్లాడారు. "త్రిత్వం అనే మాట బైబిల్లో ఒక్కచోట చూపించండమ్మా" అన్నారు. వెతికాను, దొరకలేదు. మళ్లీ వస్తామన్నారు. ఏం చెప్పాలి?
– గృహిణి, మారతహళ్లి

జవాబు: ఆ మాట లేదు. లేదని మొదటి నిమిషంలోనే ఒప్పేసుకోండి. దీనికి మూలమైన లాటిన్ మాటను మూడో శతాబ్దం మొదట్లో కార్తేజీ వాడైన తెర్తుల్లియన్ వాడాడు. ఆ పేరు కింద మనం చేర్చే సంగతులు లేఖనంలో ఉన్నాయా లేవా అన్నదే తేలాల్సిన విషయం. ఆ సంగతులు మూడే. దేవుడు ఒక్కడే. తండ్రినీ కుమారుణ్నీ పరిశుద్ధాత్మనూ లేఖనం దేవుడనే చెబుతుంది. ఆ ముగ్గురూ ఒకరితో ఒకరు మాట్లాడతారు, ఒకరినొకరు పంపుతారు, కాబట్టి ఒకే వ్యక్తికి ఉన్న మూడు పేర్లు కావు. మొదటిది వదిలేస్తే ముగ్గురు దేవుళ్లవుతారు. రెండోది వదిలేస్తే నాలుగో శతాబ్దపు ఆరియస్ బోధలో, అంటే కుమారుడు సృష్టింపబడినవాడే అన్న బోధలో పడతాం. మూడోది వదిలేస్తే అంతకుముందటి సబెల్లియస్ బోధలో, అంటే ఒకే వ్యక్తి మూడు రూపాల్లో కనిపిస్తాడన్న బోధలో పడతాం.

ఇక్కడ మనవాళ్లు సాధారణంగా తొందరపడతారు. గబగబా ఆదికాండం 1:26 తెరిచి "మన స్వరూపమందు" అని ఉంది చూడండి అంటారు. ఎదుటివాళ్లు "దేవుడు తన సభలోని దేవదూతలతో మాట్లాడుతున్నాడు" అంటారు. యూదు వ్యాఖ్యాతలు ఎప్పటినుంచో చెబుతున్నదీ అదే. ఆదికాండం 18లో అబ్రాహాము ఇంటికొచ్చిన ముగ్గురి సంగతి ఇంకా బలహీనం. 19:1 చదవగానే అందులో ఇద్దరు దేవదూతలని తేలిపోతుంది. యెషయా 6లో దేవుని సింహాసనం దగ్గరి దూతలైన సెరాపులు "పరిశుద్ధుడు" అని మూడుసార్లు అన్నారని లెక్కపెట్టడమూ అంతే. ముందే నమ్మినవాడికి ఇవి ఆనందాన్నిస్తాయి గాని నమ్మనివాడి దగ్గర నిలబడవు.

నిలబడే దారి వేరే ఉంది. పాత నిబంధనలో యెహోవాకు మాత్రమే చెందిన మాటలను అపొస్తలులు ఎవరికి చెందినవిగా రాశారో చూడాలి. రాసినవాళ్లు దాదాపు అందరూ యూదులే. "మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా" (ద్వితీయోపదేశకాండం 6:4) అనే మాట ఉగ్గుపాలతో నేర్చుకున్నవాళ్లు. యేసు కూడా దాన్నే ప్రధానమైన ఆజ్ఞగా చెప్పాడు (మార్కు 12:29). అలాంటివాళ్లు ఇంకొకరిని దేవుని పక్కన చేర్చడం మామూలు సంగతి కాదు.

మీ ఇంటికొచ్చినవాళ్లతో రోమా 10:13 దగ్గర మొదలుపెట్టకండి. వాళ్ల అనువాదంలో అక్కడ "యెహోవా" అనే పేరు పెట్టుకున్నారు కాబట్టి అది తండ్రి గురించే అంటారు, మాట అక్కడే ఆగిపోతుంది. హెబ్రీయులకు 1:10-12తో మొదలుపెట్టండి. "ప్రభువా, నీవు ఆదియందు భూమికి పునాది వేసితివి" అనే ఆ మాటలు ఎవరితో చెప్పినవో ముందు వాళ్లచేతే చెప్పించండి. 8వ వచనం నుంచి వరసగా చదివితే "తన కుమారునిగూర్చి" అన్న జవాబు తప్ప ఇంకొకటి రాదు. అప్పుడు 102వ కీర్తన 25-27 తెరవండి. అవే మాటలు. ఆ కీర్తన మొదటి వచనంలోనే అది యెహోవాకు చేసిన ప్రార్థన అని ఉంది. భూమికి పునాది వేసినవాడు, మారనివాడు, సంవత్సరాలు తరగనివాడు ఎవరని అడిగి ఊరుకోండి. వెంటనే ఇంకో వచనానికి దూకకండి. ఒకదాని మీద ఒకటి గుప్పిస్తే ఏదీ మనసులో దిగదు.

సమయం ఉంటే యెషయా 6కు వెళ్లండి. ఉజ్జియా రాజు చనిపోయిన సంవత్సరంలో యెషయా సింహాసనం మీద ఆసీనుడైన ప్రభువును చూశాడు. "సైన్యములకధిపతియగు యెహోవాను నేను కన్నులార చూచితిని" అని 5వ వచనంలో తనే అంటాడు. యోహాను 12:40లో ఆ అధ్యాయంలోని మాటలే ఎత్తి రాసి, యెషయా "ఆయన" మహిమను చూశాడని 41లో అంటాడు. చుట్టూ ఉన్న వచనాల్లో ఆ "ఆయన" యేసే. అదే అధ్యాయంలో ప్రభువు పలికిన మాటలను పౌలు రోములో ఉదాహరిస్తూ, పరిశుద్ధాత్మ యెషయా ద్వారా చెప్పాడంటాడు (అపొ. కార్యములు 28:25-27). దర్శనం ఒక్కటే, సింహాసనం ఒక్కటే. ప్రవక్త యెహోవా అన్నాడు, యోహాను యేసు మహిమ అన్నాడు, పౌలు పరిశుద్ధాత్మ మాట అన్నాడు. దీనికి ఒక అభ్యంతరం రావచ్చు. యోహాను అక్కడ యెషయా 53ను కూడా ఉదాహరించాడు గనక మహిమ అన్నది ఆ అధ్యాయానికి చెందుతుందని అంటారు. కాని "చూశాడు" అనే మాటకు సరిపడే దర్శనం 6లోనే ఉంది.

ప్రశ్న: మా అబ్బాయికి తెలుగు మాట్లాడటం వచ్చుగాని చదవడం రాదు. ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిలు చదువుతాడు. అందులో 1 యోహాను 5:7లో పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు ముగ్గురు, తండ్రి, వాక్యం, పరిశుద్ధాత్మ అని ఉంది. నా తెలుగు బైబిల్లో ఆత్మ, నీళ్లు, రక్తం మాత్రమే ఉన్నాయి. మనవాళ్లు తీసేశారా?
– కె.ఆర్. పురం

జవాబు: మనవాళ్లు ఏమీ తీయలేదు. మొదట లేని వాక్యం అక్కడ చేరింది. నాలుగో శతాబ్దపు గొప్ప గ్రీకు ప్రతులైన సైనాయిటికస్‌లోనూ వాటికనస్‌లోనూ అది లేదు. లాటిన్ ప్రతుల్లో వివరణగా పుట్టి, క్రమంగా వచనంలో కలిసిపోయింది. డచ్ పండితుడు ఎరాస్మస్ 1516లోను 1519లోను అచ్చువేసిన గ్రీకు కొత్త నిబంధనల్లో దాన్ని పెట్టలేదు. విమర్శలు వచ్చాక 1522 నాటి మూడో ముద్రణలో చేర్చాడు. ఆ దారిలోనే అది 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలుకు చేరింది.

ఇంకో సంగతి గమనించండి. నాలుగో శతాబ్దంలో ఆరియస్ మతస్థులతో గ్రీకు భాషలో ఏళ్ల తరబడి వాదించినవాళ్లు ఈ వచనాన్ని వాడనేలేదు. వాళ్ల ప్రతుల్లో ఉంటే మొట్టమొదట ఎత్తి చూపేది దాన్నే. అది లేకుండానే వాళ్లు తమ వాదన నిలబెట్టుకున్నారు. మీ అబ్బాయికి ఈ సంగతి ఇప్పుడే చెప్పండి. రేపు కాలేజీలో ఎవరో ఈ చరిత్ర చెప్పి "మీ త్రిత్వం అంతా ఇలా చేర్చిందే" అంటే తడబడకుండా ఉంటాడు.

ప్రశ్న: "తండ్రి నాకంటె గొప్పవాడు" అని యేసే చెప్పాడు కదా. కొలొస్సయులకు 1:15లో ఆయన "సర్వసృష్టికి ఆదిసంభూతుడు" అని కూడా ఉంది. అంటే మొదట సృష్టింపబడినవాడనేగా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వైట్‌ఫీల్డ్

జవాబు: రెండూ మంచి ప్రశ్నలే, రెండోదే గట్టిది. ఆదిసంభూతుడు అంటే జ్యేష్ఠుడు. బైబిల్లో జ్యేష్ఠత్వం పుట్టిన వరసను మాత్రమే చెప్పదు, హక్కునూ హోదానూ చెబుతుంది. దావీదు యెష్షయి కొడుకుల్లో కడసారివాడు. అయినా 89వ కీర్తన 27లో దేవుడు అతన్ని "నా జ్యేష్ఠకుమారునిగా చేయుదును" అంటాడు, అదే ఊపులో "భూరాజులలో అత్యున్నతునిగా" అని అర్థమూ చెప్పేస్తాడు. కొలొస్సయులకు రాసిన చోట కూడా 15 దగ్గర ఆగిపోకూడదు. 16 "ఏలయనగా" అని మొదలై, ఆకాశంలో ఉన్నవీ భూమిమీద ఉన్నవీ, కనిపించేవీ కనిపించనివీ సర్వమూ ఆయనయందు సృజింపబడ్డాయని చెబుతుంది. సర్వాన్నీ సృజించినవాడు ఆ సర్వంలో ఒకడు కాలేడు. అందుకే ఆయన్ను సృష్టిలో మొదటివాడిగా చూపాలనుకున్నవాళ్లు "ఇతరమైనవన్నీ" అన్నట్టు ఒక మాట చేర్చి చదవాల్సి వస్తుంది. పౌలు ఆ మాట రాయలేదు.

"నాకంటె గొప్పవాడు" (యోహాను 14:28) అన్నది సిలువకు ముందు రాత్రి, దాసుని స్వరూపంలో ఉన్నప్పుడు, తండ్రి దగ్గరికి తిరిగి వెళ్తున్నానని చెబుతూ అన్న మాట. గొప్పతనం స్థానంలో ఉండొచ్చు, స్వభావంలో ఉండొచ్చు. ఫరో యోసేపుతో సింహాసన విషయంలో మాత్రమే నేను నీకంటె పైవాడను అన్నాడు (ఆదికాండం 41:40). అంతమాత్రాన యోసేపు ఫరోకంటే తక్కువ మనిషి అయిపోలేదు. ఆ రాత్రి ప్రార్థనలోనే యేసు, లోకం పుట్టకమునుపు నీయొద్ద నాకున్న మహిమతో నన్ను మహిమపరచమని అడిగాడు (17:5). యెహోవా తన మహిమను మరెవరికీ ఇవ్వనని యెషయా 42:8లో అన్నాడు. ఈ రెండు వచనాలూ పక్కపక్కన పెట్టి చూడండి.

ప్రశ్న: పరిశుద్ధాత్మ అంటే దేవుని శక్తి, కరెంటు లాంటిది అని మా పీజీలో ఒకతను అంటున్నాడు. వ్యక్తి అనడానికి ఆధారం ఏమిటి?
– విద్యార్థి, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: కరెంటుతో అబద్ధమాడలేం, కరెంటును దుఃఖపెట్టలేం. అననీయ పొలం డబ్బు కొంత దాచుకున్నప్పుడు పేతురు అతను పరిశుద్ధాత్మను మోసపుచ్చాడని అని, మరుసటి వచనంలోనే "దేవునితోనే అబద్ధమాడితివి" అంటాడు (అపొ. కార్యములు 5:3-4). ఆత్మ వ్యక్తి అనీ దేవుడనీ ఒకే చోట దొరికే సాక్ష్యం ఇది. అంతియొకయలో ఆత్మ "నేను", "నాకు" అని మాట్లాడి బర్నబానూ సౌలునూ ప్రత్యేకించమంటాడు (13:2). తన ఇష్టం ప్రకారం వరాలు పంచుతాడు (1 కొరింథీయులకు 12:11). మీ స్నేహితుడు "బైబిల్లో జ్ఞానం కూడా మనిషిలాగా మాట్లాడుతుంది కదా" అని సామెతలు 8 చూపిస్తే, అది కవిత్వం, ఇది లూకా రాసిన చరిత్ర అని చెప్పండి. సంఘంలో ప్రభువును సేవిస్తూ ఉపవాసమున్నప్పుడు ఎవరు మాట్లాడారో లూకా రాస్తున్నాడు.

ప్రశ్న: మా పక్క వీధి సంఘంలో యేసే తండ్రి, యేసే పరిశుద్ధాత్మ అని బోధిస్తున్నారు. యేసు నామంలో ఇవ్వని బాప్తిస్మం చెల్లదట. అపొ. కార్యములు 2:38 చూపిస్తున్నారు. మళ్లీ తీసుకోవాలా?
– హెబ్బాళ

జవాబు: అక్కర్లేదు. మత్తయి 28:19లో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మల "నామములోనికి" అని ప్రభువే చెప్పాడు. పేరు ఒక్కటే, చెప్పినవారు ముగ్గురు. అపొస్తలుల కార్యములలోని "యేసుక్రీస్తు నామమున" అన్నది ఎవరి అధికారం కింద, ఎవరికి చెందినవారిగా అన్న సంగతి. నీళ్లలో పలకాల్సిన మాటలను అక్కడ ఉన్నదున్నట్టు రాసిపెట్టారనుకుంటే చిక్కు వస్తుంది. 2:38, 8:16, 10:48లలో ఆ మాటలు ఒక్కలాగే లేవు. 19:2-3 కూడా చూడండి. ఎఫెసులో శిష్యులు పరిశుద్ధాత్మ ఉన్నాడన్న సంగతే వినలేదనగానే, పౌలు మరి దేనినిబట్టి బాప్తిస్మం పొందారని అడుగుతాడు. బాప్తిస్మంలో ఆత్మ ప్రస్తావన ఉండేది కాబట్టే ఆ ప్రశ్న వచ్చింది.

యేసే తండ్రి అన్న బోధకు యోహాను 8:17-18 దగ్గర ఊపిరాడదు. ఇద్దరి సాక్ష్యం సత్యమని ధర్మశాస్త్రం చెప్పింది, నేనొక సాక్షిని, నన్ను పంపిన తండ్రి ఇంకొక సాక్షి అని యేసు వాదించాడు. ఇద్దరూ ఒకే వ్యక్తి అయితే సాక్షులు ఇద్దరు కారు, యేసు వాదనే చెల్లదు. యెషయా 9:6లో "నిత్యుడగు తండ్రి" అన్నది రాబోయే రాజు తన ప్రజల్ని తండ్రిలా పాలించడం గురించి. యెషయా 22:21లో ఎల్యాకీము యెరూషలేము నివాసులకు తండ్రి అవుతాడన్నదీ ఇలాంటిదే.

ప్రశ్న: సండే స్కూల్లో త్రిత్వాన్ని నీళ్లు, ఐసు, ఆవిరి అని చెబుతున్నాను. పెద్దవాళ్లు తప్పంటున్నారు. మరి ఎలా చెప్పాలి?
– సండే స్కూలు టీచరు, బాణసవాడి

జవాబు: పెద్దవాళ్లు చెప్పింది నిజమే. ఆ ఉదాహరణతో పిల్లలు నేర్చుకునేది సబెల్లియస్ బోధ. గ్లాసులో నీళ్లు గడ్డకడితే ఇక నీళ్లుగా ఉండవు. యేసు బాప్తిస్మం దగ్గర కుమారుడు నీళ్లలో, ఆత్మ పావురంవలె దిగుతూ, తండ్రి స్వరం ఆకాశం నుంచి, అందరూ ఒకే క్షణంలో ఉన్నారు (మత్తయి 3:16-17). బెంగళూరు కాబట్టి ఏ ఇంజనీరింగ్ పిల్లవాడో 0.01 డిగ్రీల సెల్సియస్, సుమారు 611 పాస్కల్‌ల పీడనం దగ్గర మూడూ కలిసి ఉంటాయి సార్ అంటాడు. ఉంటాయి. కాని అక్కడ కూడా ఏ అణువు ఏ రూపంలో ఉందో ఆ రూపంలోనే ఉంటుంది, కొంత భాగం ఐసు, కొంత భాగం నీరు. అప్పుడు దేవుణ్ని మూడు ముక్కలు చేసినట్టవుతుంది. కోడిగుడ్డు పెంకు, తెల్లసొన, పచ్చసొనదీ ఇదే తప్పు. పెంకు ఒక్కటే గుడ్డు కాదు, కుమారుడు మాత్రం పూర్తిగా దేవుడు. ఒకే మనిషి తండ్రి, కొడుకు, భర్త అన్నా మళ్లీ సబెల్లియసే.

ఉదాహరణ మానేసి మత్తయి 3నే పాఠంగా చేయండి. పదేళ్లు దాటిన పిల్లలకు ఇరవై నిమిషాలు సరిపోతుంది. ముగ్గురు పిల్లలకు మూడు భాగాలిచ్చి చదివించండి. తెలుగు చదవడం రానివాళ్లు ఇంగ్లీషులోనో కన్నడలోనో చదువుతారు. ఎవరు ఎక్కడున్నారు, ఎవరు ఎవరితో మాట్లాడారు అని అడిగి బోర్డు మీద వాళ్ల మాటల్లోనే రాయండి. చివర ద్వితీయోపదేశకాండం 6:4 అందరిచేత చెప్పించండి. "అయితే ఎలా మేడమ్?" అని ఎవరైనా అడిగితే, దేవుడు తనను ఇలా చూపించుకున్నాడని చెప్పి అక్కడ ఆపండి. ఆ ప్రశ్న వచ్చిందంటే పాఠం సరిగ్గా ఎక్కినట్టే.

ప్రశ్న: ఇది త్రిమూర్తుల్లాంటిదేనా అని ఆఫీసులో అడుగుతున్నారు.
– కోరమంగళ

జవాబు: కాదు. త్రిమూర్తుల్లో సృష్టి, స్థితి, లయ అని పనులు ఒక్కొక్కరివి. ఇక్కడ పనుల పంపకం లేదు. సృష్టి విషయమే చూస్తే తండ్రి సృజించాడు (ఆదికాండం 1:1), కుమారుని ద్వారా సమస్తమూ కలిగింది (యోహాను 1:3), ఆత్మను పంపగా సృష్టి జరిగింది (కీర్తన 104:30). అడిగినవారి నమ్మకాన్ని తక్కువ చేయకుండా ఈ తేడా చెబితే చాలు.

ప్రశ్న: 325లో నీకయ పట్టణంలో జరిగిన బిషప్పుల సభలో కాన్‌స్టాంటిన్ చక్రవర్తి ఓట్లు వేయించి యేసును దేవుణ్ని చేశాడని ఒక వీడియోలో చూశాను. నిజమా?
– యలహంక

జవాబు: సభను పిలిచింది కాన్‌స్టాంటినే. కాని యేసును అప్పుడే దేవుణ్ని చేశారనడం తప్పు. ఆ సభకు రెండు వందల ఏళ్ల ముందే, సుమారు 112లో, బితూనియ ప్రాంతపు రోమా అధికారి ప్లినీ, క్రైస్తవులు తెల్లవారకముందే కూడుకుని క్రీస్తుకు దేవుడికి పాడినట్టు పాటలు పాడుతున్నారని త్రాజాను చక్రవర్తికి ఉత్తరం రాశాడు. నీకయ పట్టణం ఉన్నదీ ఆ బితూనియలోనే. ఆరియస్ అలెక్సంద్రియలో ఒక సంఘ పెద్ద. కుమారుడు లేని కాలం ఒకటుందని అతను బోధించడంవల్లే సభ కూడింది. అతని బోధను సభ కొట్టివేసినప్పుడు సంతకం పెట్టనని పట్టుబట్టిన బిషప్పులు ఇద్దరే.

చక్రవర్తి బలంతో నెగ్గిన సిద్ధాంతమనేవాళ్లు తర్వాతి చరిత్ర చదవాలి. కాన్‌స్టాంటిన్ 337లో చనిపోయే ముందు బాప్తిస్మం తీసుకున్నది ఆరియస్‌ను సమర్థించిన బిషప్పు చేతనే. అతని కొడుకు కాన్‌స్టాంటియస్ ఆరియస్ పక్షం కొమ్ముకాశాడు. నీకయ విశ్వాసాన్ని పట్టుకున్న బిషప్పు అతనాసియు అలెక్సంద్రియ నుంచి ఐదుసార్లు వెళ్లగొట్టబడ్డాడు. కాన్‌స్టాంటియస్ కాలంలో రాజబలం అటువైపు ఉన్నా ఆ విశ్వాసం నిలిచింది, 381లో కాన్‌స్టాంటినోపులు సభ దాన్నే మళ్లీ స్థిరపరిచింది.

ప్రశ్న: మా గృహకూడికలో "తండ్రీ, మా కోసం సిలువలో చనిపోయినందుకు స్తోత్రం" అని ప్రార్థిస్తున్నారు. సరిదిద్దాలా? అసలు ఎవరికి ప్రార్థించాలి?
– కూడిక నాయకుడు, హొరమావు

జవాబు: ప్రార్థన మధ్యలో మాత్రం సరిదిద్దకండి. తర్వాత పక్కకు పిలిచి నెమ్మదిగా చెప్పండి. సిలువలో చనిపోయింది తండ్రి కాదు, తండ్రి పంపిన కుమారుడు. "తండ్రీ" అని మొదలుపెట్టి, మధ్యలో "యేసయ్యా" అయి, ఎవరితో మాట్లాడుతున్నామో మరిచిపోయినప్పుడే ఈ పొరపాటు దొర్లుతుంది. తండ్రీ, మా కోసం నీ కుమారుణ్ని ఇచ్చినందుకు స్తోత్రం అని మార్చి చెప్పించండి. రెండు మూడు వారాలు నాయకుడే అలా ప్రార్థిస్తే మిగతావాళ్ల నోట అదే పలుకుతుంది.

మామూలు క్రమం ఎఫెసీయులకు 2:18లో ఉంది. కుమారుని ద్వారా, ఒక్క ఆత్మయందు, తండ్రి సన్నిధికి చేరతాం. అలాగని యేసుకు ప్రార్థించకూడదని కాదు. స్తెఫను రాళ్ల దెబ్బల కింద "యేసు ప్రభువా, నా ఆత్మను చేర్చుకొనుము" అన్నాడు (అపొ. కార్యములు 7:59). పరిశుద్ధాత్మకు నేరుగా చేసిన ప్రార్థన కొత్త నిబంధనలో కనబడదు. అయినా తండ్రితోను కుమారునితోను కూడ ఆయన ఆరాధింపబడుతున్నాడని విశ్వాస ప్రమాణంలో సంఘం చెబుతోంది గనక, ఆత్మను సంబోధిస్తూ పాడే పాటలను మీ కూడికలో ఆపాల్సిన పనిలేదు.